గొర్రె పలికే పేరు

సంతాప సభలో సంజీవ్ గారు చాలాసేపు మాట్లాడారు. పోయింది పూర్ణిమ అయినా, ఆ సాయంత్రం సూర్యాపేట జనానికి బాగా తెలిసివచ్చింది సంజీవ్ గారి జీవితమే. ఎక్కడ పుట్టారు, ఎన్ని ఇబ్బందులు పడి జర్నలిజంలోకి వచ్చారు, పత్రికకు బ్యూరో ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో ఎంత పెద్దవాళ్లు ఆయన ఫోన్ కోసం కాచుకుని ఉండేవారు, అన్నీ వరుసగా చెప్పారు. కూర్చోబోతూ గుర్తొచ్చి, "పూర్ణిమ కూడా అప్పట్లో మన దగ్గరే రాసేది. మంచి అమ్మాయి" అన్నారు. అని, దండ వేసిన ఫొటో వైపు తిరిగి, ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. ఆ సభ మొత్తంలో పూర్ణిమకు పూర్తిగా దక్కింది ఆ నిమిషమే.

పూర్ణిమ భర్త యుగంధర్ ముందు వరుసలో కూర్చుని అంతా విన్నాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాడు. పిల్లల వాక్యాల్లో ఎక్కువైన మాటలు కొట్టేయడం ఆయన వృత్తి. భార్య పోయాక సొంత మాటలనూ కొట్టేయడం మొదలుపెట్టాడు. చివరికి మిగిలినవి 'సరే', 'తిన్నాను', 'చూద్దాం'. ఊళ్లో ఎవరికైనా ఆ మూడింటితో జవాబు సరిపోయేది.

సంజీవ్ గారికి మాత్రం సరిపోలేదు. ఏడాది తిరక్కముందే ఫోన్ చేశారు.

"యుగంధర్, 'గొంగడి దారి' పుస్తకంగా తెస్తున్నా. దానికంటే ముందు ఒక వీడియో. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే జర్నలిస్టు, అదే దారిలో. ఎట్లా ఉంది ఐడియా?"

'గొంగడి దారి' తొంభైల్లో ఒక చలికాలం ఆ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చిన ధారావాహిక. సూర్యాపేటలో మొదలై కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ మీదుగా నిడమనూరు అవతలి గుట్టల దాకా, గొర్రెల మందల వెంట, గొంగడి నేసే ఇళ్ల వెంట తిరిగి రాసిన కథనాలు. తిరిగింది పూర్ణిమ. రాసింది పూర్ణిమ. అచ్చులో మాత్రం 'మా ప్రతినిధి' అని ఉండేది. కంట్రిబ్యూటర్లకు పేరు వేస్తే తలకెక్కుతుందని అప్పటి ఇన్‌చార్జి అభిప్రాయం. అప్పటి ఇన్‌చార్జి సంజీవ్ గారు.

కాలం గడిచేకొద్దీ ఆ 'మా ప్రతినిధి' ఎవరో జనం మరిచిపోయారు. సంజీవ్ గారు కూడా మరిచిపోయారు. కాకపోతే ఆయన మరపు కొంచెం చురుకైనది. మొదట్లో సభల్లో 'మా పత్రిక చేసిన సిరీస్' అనేవారు. కొన్నాళ్లకు 'నేను చేయించిన సిరీస్' అయింది. ఆ తర్వాత 'నేను చేసిన'. ఈ మధ్య 'కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి' అని కూడా చేరింది.

"నేనెందుకు సార్?" అన్నాడు యుగంధర్.

"ఏ ఊరు తర్వాత ఏ ఊరో నాకు కొంచెం మసకగా ఉంది. పూర్ణిమ నీతో చెప్పే ఉంటుంది కదా."

యుగంధర్ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని గోడ వైపు చూశాడు. ఆ సిరీస్ రాసింది నా భార్య అని అప్పుడే అనవచ్చు. కానీ భార్య పోయిన మనిషి ఆ మాట అంటే జనం దాన్ని దుఃఖం కింద జమ చేస్తారు, సాక్ష్యం కింద చేయరు. భుజం తట్టి టీ తెప్పిస్తారు. అదే మాట ఆ దారిలో ఎవరో ఒకరు, కెమెరా ముందు, 'రాసింది ఆమె' అంటే సంగతి వేరు. ఒక్కరు చాలు. పుస్తకం అచ్చుకు పోకముందే దొరకాలి.

"సరే సార్" అన్నాడు.

డిసెంబరులో బయలుదేరారు. కారు నడిపేది, కెమెరా పట్టేది, మైకు తగిలించేది అన్నీ వందనే. సూర్యాపేటలో పెళ్లి వీడియోలు తీస్తుంది. పెళ్లికొడుకులను నవ్వించి నవ్వించి ఆమెకు ఓపిక బాగా అలవాటైంది. సంజీవ్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. సన్మానాల్లో కప్పిన శాలువాల్లోంచి ఒకటి ఏరి భుజాన వేసుకున్నారు. ఆయన ఇంట్లో బీరువా నిండా శాలువాలే. ఒక్కదానిలోనూ ఉన్ని పోగు లేదు.

"సార్, ముందు ఉన్ని షాట్ ఒకటి గావాలె. గొర్రె బొచ్చు కత్తిరిస్తుంటే, దగ్గరికెళ్లి. టైటిల్ దాని మీదనే పడాలె" అంది వందన.

"ఎంత కావాలంటే అంత! ఇది ఉన్ని దేశం అమ్మా" అన్నారు సంజీవ్ గారు, కిటికీలోంచి వరి కోసిన పొలాలను చూపిస్తూ.

కోదాడ దాటి కొంత దూరం పోయాక హోటల్ ముందు ఆపారు. గల్లా దగ్గరున్న పెద్దమనిషిని సంజీవ్ గారు గొర్రెల గురించి అడిగారు.

"గొర్రెలాండీ? ఆదివారం రండి, ఎదురుగానే కోస్తారు" అన్నాడాయన.

"తినడానికి కాదు. గొంగళ్లు, ఉన్ని..."

"గొంగళ్లు ఇప్పుడెవరు కప్పుకుంటారండీ? మా నాయన కప్పుకునేవాడు. ఆయనా పోయాడు, గొంగడీ పోయింది. ఇప్పుడన్నీ ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే దుప్పట్లే కదండీ."

సంజీవ్ గారు వందన వైపు తిరిగి, "ఇది వద్దు" అన్నారు.

హుజూర్‌నగర్ దగ్గర వరికొయ్యల్లో ఒక మంద మేస్తూ కనబడింది. కారు ఆగకముందే సంజీవ్ గారు దిగారు. తెల్లటి గొర్రెలు, పొడుగు కాళ్లు, నున్నటి ఒళ్లు. కాపరి కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"పెద్దాయనా, నన్ను గుర్తుపట్టావా?"

కాపరి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎందుకు గుర్తులేదు సారూ. మంచిగున్నరా?"

సంజీవ్ గారి ముఖం వెలిగింది. కెమెరా నడుస్తోంది.

"ముప్ఫై ఏళ్ల కింద నీ మంద వెంట తిరిగా కదా!"

"తిరిగిండ్రు సారూ. మరి నా పింఛన్ సంగతి ఏం జేసిండ్రు?"

వందన కెమెరా దించింది. యుగంధర్ మెల్లగా ముందుకొచ్చి, "అప్పట్లో ఒక ఆడమనిషి వచ్చిందా? భుజానికి సంచి, చేతిలో పెన్ను..." అని అడిగాడు.

"ఆడమనిషా? సర్వే మేడమా? మొన్ననే వచ్చి పోయింది."

"సరే" అన్నాడు యుగంధర్.

"ఒకదాన్ని పట్టుకుని బొచ్చు కత్తిరించు, వీడియో తీసుకుంటాం" అన్నారు సంజీవ్ గారు.

కాపరి తలగుడ్డ తీసి నున్నటి నెత్తి చూపించాడు. "దీనికి బొచ్చెక్కడిది సారూ? నా నెత్తి లెక్కనే ఉంటది. ఇవి కింది దిక్కుకెళ్లి తెచ్చిన గొర్లు. మాంసం జాతి. మా నల్ల గొర్లు ఎప్పుడో ఖతమైనయి. బొచ్చు కొనేటోడు లేకపాయె, కత్తిరించిన కిరాయి గూడ ఎల్లకపాయె. కంప మీద పారేసుడైంది. ఇగ ఎవడు సాకుతడు?"

నేరేడుచర్లలోనూ అదే మాట. అక్కడి ముసలాయన సంజీవ్ గారిని బీమా ఏజెంట్‌గా గుర్తుపట్టాడు. ఆ దారిలో ఆయన్ను గుర్తుపట్టనివాళ్లు లేరు. మనిషికొక పేరుతో గుర్తుపట్టారు. పూర్ణిమను మాత్రం ఏ పేరుతోనూ ఎవరూ గుర్తుపట్టలేదు. ప్రతి ఊళ్లోనూ యుగంధర్ అదే ప్రశ్న అదే మాటలతో అడిగాడు, అదే 'సరే' అనుకుని కారెక్కాడు. తిరిగిన మనిషి అడుగులు దారి మీద ఉండవని తెలియనివాడు కాదు. అయినా రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు.

మిర్యాలగూడలో రైసు మిల్లుల మధ్య ఇరుక్కున్న ఒక దుకాణంలో చివరికి గొంగడి కనబడింది. నల్లగా నిగనిగలాడుతూ, అంచుకు ఎర్ర చారలతో. సంజీవ్ గారు దాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నారు.

"చూశావా వందనా, ఈ స్పర్శ! ఎవరు నేశారు బాబూ?"

"మిషన్ సార్" అన్నాడు దుకాణం నడిపే జీవన్. "ఇది మీటింగుల గొంగడి. లీడర్లు వస్తే భుజానేసి, కట్టె చేతికిచ్చి, గొర్రెపిల్లను ఎత్తుకోమంటరు గద, దానికి. అసలుదైతే గుచ్చుకుంటది, లీడర్లు గోక్కుంటుంటే ఫొటోల బాగుండది. కొంటరా, కిరాయికా?"

"కిరాయికి కూడా ఇస్తారా?"

"ఎలక్షన్లప్పుడైతే గొర్రెపిల్లను గూడ ఇస్తం సార్."

కిరాయికే తీసుకున్నారు. సంజీవ్ గారు అక్కడి నుంచి అది కప్పుకునే కూర్చున్నారు.

నిడమనూరు దాటాక రోడ్డు సన్నబడింది. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు అందని రాతి నేల మొదలైంది. "ఇక్కడితో పూర్ణిమ ఆపింది" అన్నాడు యుగంధర్. ఆ పేరు కారులో వినబడటం అదే మొదటిసారి. సంజీవ్ గారు కిటికీలోంచి బయటికి చూశారు.

గుట్ట కింద రెండు గదుల ఇల్లు, పక్కనే కంచె వేసిన దొడ్డి. ఇంటాయన గోపయ్య ఎదురొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన భార్య బక్కమ్మ అరుగు మీద కూర్చుని కందికాయ ఒలుస్తోంది. పేరుకు తగ్గట్టు లేదు, నిండుగా ఉంది.

"నన్ను గుర్తుపట్టావా పెద్దాయనా?" అన్నారు సంజీవ్ గారు, గొంగడి సర్దుకుంటూ.

"ఎందుకు గుర్తులేదు సారూ" అన్నాడు గోపయ్య.

"ఏం గుర్తున్నది నీకు? పొద్దున తిన్నది గుర్తుండది!" అంది బక్కమ్మ కాయల మీంచి తల ఎత్తకుండా. "ఎవలొచ్చినా గుర్తున్నదంటడు. గీ సారును మేం ఎన్నడు జూడలే. కూసోండ్రి, ఛాయ్ తాగుండ్రి."

వందన నవ్వు ఆపుకుంటూ దొడ్డి వైపు కెమెరా తిప్పింది. తిప్పి, ఆగిపోయింది. తెల్లటి నున్నటి గొర్రెల నడుమ ఒకటి నల్లగా, దట్టంగా, ఒంటి నిండా ఉంగరాల ఉన్నితో ఉంది. దాని వెనకాల అలాంటిదే ఒక పిల్ల.

"సార్! ఉన్ని!"

సంజీవ్ గారు దొడ్డిలోకి ఉరికారు. నల్ల గొర్రె తల ఎత్తి, ఆయన భుజాన మెరుస్తున్న గొంగడిని చూసి, పిల్లతో సహా కంచె సందులోంచి గుట్ట మీదికి లగెత్తింది.

"జర గది తీసేయ్ సారూ. పెట్రోల్ వాసన కొడుతున్నది" అన్నాడు గోపయ్య.

గొంగడి తీశారు. గొర్రె దూరాన తుప్పల్లో నిలబడి మేస్తోంది. బక్కమ్మ అక్కడి నుంచే కేకేసింది.

"పూర్ణమ్మా! ఓ పూర్ణమ్మా! రా బిడ్డా!"

గొర్రె తల ఎత్తింది. కాసేపు ఆలోచించి, పిల్లను వెంటేసుకుని గుట్ట దిగింది.

యుగంధర్ చేతిలో ఛాయ్ గ్లాసు ఉంది. దాన్ని జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు.

"ఆ పేరెవరిదమ్మా?" అన్నాడు.

"గొర్ల దాక్టరమ్మది. శాన ఏండ్లయె. బస్సు దిగి నడుసుకుంట వచ్చింది. గొర్రెకేం రోగాలొస్తయి, ఎప్పుడు కత్తిరిస్తరు, ఎట్ల ఏకుతరు, ఒక్కటే అడుగుడు. గా దినమే మా గొర్రె ఈని సచ్చిపాయె. పిల్లను తీస్కపోయి ఆమె ఒళ్లె పెట్టిన. నువ్వే సూడాలె దాక్టరమ్మా అన్న."

"డాక్టరని ఆమె చెప్పిందా?" అంది వందన. కెమెరా అప్పటికే బక్కమ్మ వైపు తిరిగి ఉంది.

"లే. నేను దాక్టర్ను గాదు, పేపర్ల రాస్తా అన్నది. పేపరోళ్లకు గొర్ల రోగాలెందుకమ్మా? మందు లేనప్పుడు దాక్టర్లు గట్లనే అంటరు అనుకున్న. ఎంత జెప్పినా నేనినలే. ఇగ ఏం జేస్తది? కప్పుకున్న శాలువ తీసి పిల్లకు జుట్టి, మేకపాలల్ల బట్ట ముంచి తాపుకుంట, పోయే బస్సు గూడ ఇడిసిపెట్టి గీడనే ఉన్నది. పిల్ల లేసి నిలవడ్డంకనే పోయింది. తర్వాత మా ముచ్చట పేపర్ల వడ్డదని పంతులు సదివి చెప్పిండు. అప్పుడు సమజైంది, నిజంగ పేపరామెనే అని. అయినా మాకు దాక్టరమ్మనే."

ఆ శాలువా యుగంధర్‌కు తెలుసు. వాళ్లమ్మ కోడలికి కొనిపెట్టింది. బస్సులో ఎవరో కొట్టేశారని పూర్ణిమ చెబితే, వాళ్లమ్మ బతికున్నంత కాలం ఆ రూటు బస్సులను, కండక్టర్లను, వాళ్ల వంశాలను తిడుతూనే ఉంది. ఆమె తిట్టినప్పుడల్లా పూర్ణిమ వంటింట్లోకి పోయేది. కోపం వచ్చిందేమో అని యుగంధర్ అనుకునేవాడు. నవ్వుకోవడానికి పోయేదన్నమాట.

"శాలువా ఏమైంది?" అన్నాడు.

"ఏమైతది, గా పిల్లనే నమిలి మింగింది."

గోపయ్య మిగతాది చెప్పాడు. వాళ్ల ఇంట్లో పద్ధతి అది. తల్లి చచ్చిన పిల్లను ఎవరు సాకి బతికిస్తే దానికి వాళ్ల పేరే. దాని కడుపున పుట్టిన ఆడపిల్లలకూ అదే పేరు. ఆ పేరున్నదాన్ని అమ్మరు, కోయరు. నల్ల గొర్రెలన్నీ అమ్మి తెల్లవి తెచ్చుకున్నప్పుడు కూడా పూర్ణమ్మను ఉంచారు. "ఊరోళ్లు నవ్విండ్రు సారూ. ఉన్ని కొనేటోడు లేడు, దీన్నేం జేసుకుంటవని. అమ్మినమంటే దాక్టరమ్మ అడిగితె ఏం జెప్పాలె?"

సంజీవ్ గారు గొంతు సవరించుకున్నారు. "చాలా బాగుంది. అద్భుతంగా ఉంది. వందనా, షాట్ ఇట్లా. నేను ఇక్కడ రాయి మీద కూర్చుంటా. గొర్రె అక్కడి నుంచి నా దగ్గరికొస్తుంది. ముప్ఫై ఏళ్ల అనుబంధం. గోపయ్యా, నువ్వు కెమెరాలో పడకుండా పిలువు. అయితే ఆ పేరు కాకుండా వేరే ఏదైనా. చూసేవాళ్లకు కన్‌ఫ్యూజన్ లేకుండా. నల్లమ్మా అను."

గోపయ్య మొహమాటస్తుడు. గొర్రెను మళ్లీ తుప్పల దాకా తోలివచ్చి, "నల్లమ్మా!" అన్నాడు. గొర్రె మేస్తోంది. "ఓ నల్లమ్మా!" మేస్తూనే ఉంది. సంజీవ్ గారు స్వయంగా "రాణీ!" అన్నారు. తర్వాత "లక్ష్మీ!" అన్నారు. తుప్పలో ఆకు బాగున్నట్టుంది.

"'మా ప్రతినిధి' అని పిలిచి చూడండి సార్" అన్నాడు యుగంధర్.

గొంతు మామూలుగానే ఉంది. తరగతి గదిలో వెనక బెంచీ వాణ్ని లేచి చదవమన్నట్టుంది. వందన కెమెరా కాసేపు కదిలిపోయింది.

సంజీవ్ గారు ఆయన వైపు చూడలేదు. చూడకుండానే, "పూర్ణిమా!" అని పిలిచారు.

"గట్ల గాదు సారూ, పూర్ణమ్మా అనాలె. గట్టిగ" అంది బక్కమ్మ.

"పూర్ణమ్మా!"

"ఇంక గట్టిగ!"

"పూర్ణమ్మా! ఓ పూర్ణమ్మా!"

ముప్ఫై ఏళ్లు అచ్చుకు ఎక్కనివ్వని పేరును ఆయన రాయి మీద నిలబడి గుట్ట అదిరేలా అరిచారు. గాలి ఎక్కువైందని వందన మళ్లీ అరవమంది. వెలుగు తగ్గిందని ఇంకోసారి అంది. గొర్రె వచ్చింది. వచ్చి, ఆయన్ను దాటుకుని పోయి బక్కమ్మ ఒళ్లో కంది పొట్టు తింది.

"వచ్చింది సార్, షాట్ ఓకే. మీ గొంతు గూడ మస్తు వచ్చింది" అంది వందన.

"గొంతు తీసేసి మ్యూజిక్ వెయ్."

"తీసేస్తే గొర్రె ఎందుకొచ్చిందో ఎవ్వరికి సమజ్ గాదు సార్. గీ షాట్ తీసేద్దామంటే మొత్తం దారిల ఉన్ని గీడ తప్ప ఏడ లేదు. ఉన్ని లేకుండ 'గొంగడి దారి' అని టైటిల్ ఎట్ల పెడతం? పింఛన్ అడిగిన తాత ఉన్నడు, మీటింగుల గొంగడి ఉన్నది. గవి పెట్టాల్నా?"

సంజీవ్ గారు కూర్చున్నారు. బక్కమ్మ ఛాయ్ ఇచ్చింది. తాగారు. గొర్రెను చూశారు, కెమెరాను చూశారు. ఆయన ఎన్నో ప్రభుత్వాలను చూసిన మనిషి. గాలి ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి ఆయనకు ఒక ఛాయ్ చాలు.

"యుగంధర్, నా మనసులో ఎప్పటి నుంచో ఉంది. పుస్తకం మీద ఇద్దరి పేర్లు వేద్దాం."

"ఒక్కటి చాలు సార్."

"ఏది?"

"గొర్రె పలికేది."

సంజీవ్ గారు ఖాళీ గ్లాసులోకి చూశారు. "పోనీలే. ఆ అమ్మాయికి నేను కాక ఎవరు చేస్తారు? ఒక కాగితం మీద కావాలంటే ఇప్పుడే..."

"కెమెరాలో చెప్పండి సార్, చాలు."

చెప్పారు. రాసింది పూర్ణిమ అని, ఆమెను కనిపెట్టింది తానని, ముందుమాట కూడా తానే రాస్తానని, అది కొంచెం పెద్దగానే ఉంటుందని చెప్పారు. చెప్పి, కిరాయి గొంగడి మడత పెట్టుకుని కారు వైపు నడిచారు. వందన సామాను సర్దుకుంటూ వెనకే పోయింది.

యుగంధర్ లేవలేదు. బక్కమ్మ ఆయన్నే చూస్తోంది.

"దాక్టరమ్మ నీకేమైతది సారూ?"

"నా భార్యనే అమ్మా."

"మంచిగున్నదా?"

ఇన్నాళ్లూ దాచుకున్న మూడు మాటల్లో దేనితోనూ దీనికి జవాబు లేదు.

"లేదమ్మా. పోయిన శ్రావణంలో పోయింది."

బక్కమ్మ చేతుల్లోని కాయలు కింద పెట్టింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, కోపంగా, "మరి మాకు జెప్పద్దా?" అంది.

అది సంతాప సభలో ఎవరూ అనని మాట. యుగంధర్ తల వంచుకున్నాడు.

"కబురంపుతె రాకపోదుమా? ఏం మనుషులు మీరు!" అని ఇంకా ఏదో అనబోయి, గుట్ట వైపు చూసింది. గొర్రె మళ్లీ తుప్పల్లోకి పోతోంది, పిల్ల వెనకాల దూకుతోంది. "గా పిల్లది గూడ గదే పేరు. పిలువు బిడ్డా, నీ దగ్గరికి వస్తదేమో."

యుగంధర్ లేచి కంచె దాకా నడిచాడు. భార్యను ఆయన ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఇంట్లో 'ఏమోయ్' అనేవాడు, బయట 'మా ఇంట్లోవాళ్లు' అనేవాడు. గొంతులో ఆ పేరు వాడని తాళంచెవిలా ఉంది. సంజీవ్ గారు కారులోంచి హారన్ కొట్టారు.

"పూర్ణమ్మా" అన్నాడు.

గొర్రె తల తిప్పి చూసింది. నోట్లో ఆకు నములుతూ, ఎవరో తెలిసినట్టే చూసి, మళ్లీ మేతలో పడింది.

"ఒక్కసారికి రాదు బిడ్డా, మొండిది" అంది బక్కమ్మ వెనక నుంచి.

"తెలుసమ్మా" అన్నాడు యుగంధర్. ఊపిరి పీల్చుకుని, ఈసారి గట్టిగా పిలిచాడు.